నాలుగో తరగతి పునాది

నన్ను తెలివిగల పిల్ల అని మొట్టమొదట కనిపెట్టినవాడు మా అయ్యవారు. అందుకే ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను తిట్టడం లేదు, జరిగింది చెబుతున్నాను. చెప్పేటప్పుడు గొంతు పెరిగితే దానికి నేను పూచీ కాదు.

మాది నగరి దగ్గర నేతవాళ్ళ ఊరు. యుద్ధం రోజులు. నూలు కంట్రోలులో ఉండేది, మా వీధిలో సగం మగ్గాలు ఆడకుండా పడి ఉండేవి. బడి అంటే ఒక పెంకుటిల్లు. లోపల పొడుగాటి గది ఒకటి, ముందు వసారా, ఐదు తరగతులు, అన్నిటికీ కలిపి ఒకే అయ్యవారు. ఊరి పెద్దలు పెట్టిన బడి కాబట్టి సర్కారు గ్రాంటు మీద నడిచేది. ఏడాదికొకసారి చిత్తూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని ప్రశ్నలడిగేవాడు. ఆయన తల ఊపితే గ్రాంటు నిలుస్తుంది, పెదవి విరిస్తే అయ్యవారి జీతానికే ఎసరు. ఆ భయం ఎట్లాంటిదో నాకు తెలియక కాదు. తెలిసినంత మాత్రాన కోపం పోదు.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు ఆయన నాలుగో తరగతి వాళ్ళకు నోటిలెక్క వేశాడు. ఏడు గంపలు, గంపకు ముప్పై ఆరు మామిడికాయలు, వాటిలో నలభై కుళ్ళిపోయాయి, మిగిలినవెన్ని? పెద్దపిల్లలు వేళ్ళు మడుస్తూ దిక్కులు చూస్తున్నారు. గోడవార కూర్చున్న నేను ఉండబట్టలేక, "ఇన్నూట పన్నెండు" అని అరిచాను. ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఊరికే అంకెలతో ఆడుకోవడం నాకు అలవాటు. ఆయన బెత్తం పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చి ఇంకో లెక్క వేశాడు. తర్వాత ఇంకొకటి. అన్నిటికీ చెప్పాను. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి నాలుగో తరగతి వరసలో కూర్చోబెట్టాడు. మూడో తరగతి చదవకుండానే నాలుగుకు పోయానన్నమాట. ఆ రోజు నాకు ఆకలి కూడా వేయలేదు.

సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చాడు. మా నాయన మగ్గం గుంటలోంచి లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా, నీ ఇంట్లో చదువులతల్లి పుట్టింది, తెలుసునా నీకు?" అన్నాడు అయ్యవారు.

ఆ మాట మా మేనత్తకు చేరింది. ఆమె ఇల్లు పుత్తూరులో, ఎముకలకు కట్టు కట్టేవాళ్ళ వీధిలో. పిల్లల్లేని మనిషి. వచ్చి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఐదు పాసయితే సాలు పాపా. నిన్ను నా కాడే పెట్టుకొని పెద్దబడికి పంపిస్తా" అంది. మా అవ్వ మాత్రం అప్పుడే గీత గీసేసింది. "పెద్దమనిషయ్యేదాకానే. ఆ పైన బడి మాట ఎత్తితే నేను ఇంట్లో ఉండను" అంది. నాలుగు, ఐదు ముగించుకుని అవ్వ గీత దాటేలోపల పుత్తూరు చేరాలి. అంత చిన్నపిల్లకు కూడా ఆ లెక్క స్పష్టంగా అర్థమైంది.

నాలుగో తరగతి పాఠాలు నాకు తొందరగానే వచ్చేశాయి. వచ్చేశాయని తెలియగానే అయ్యవారు ఏం చేశాడు? తర్వాతి పాఠం చెప్పాడా? లేదు. "నీకు అన్నీ వచ్చు గదా, ఊరికే కూర్చోవడమెందుకు? పోయి చిన్నోళ్ళకు ఇసుకలో దిద్దించు" అన్నాడు. నన్ను సట్టాంపిళ్ళను చేశాడు. మా వైపు బడిలో అయ్యవారి బదులు పిల్లల్ని అదుపులో పెట్టే పెద్దపిల్లను అట్లా అంటారు. మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. వసారాలో ఇసుక పరచి, ముక్కులు కారే పిల్లల వేళ్ళు పట్టుకుని పొద్దంతా ఓనమాలు దిద్దించేదాన్ని. నా చూపుడు వేలి కొన ఇసుకకు అరిగి ఎర్రబడేది. లోపల గదిలో ఐదో తరగతి వాళ్ళకు ఆయన నల్లబల్ల మీద ఏవో రాసి చెప్పేవాడు. వసారాలో "అ, ఆ" కేకల మధ్య నాకు ఒక్క ముక్కా వినబడేది కాదు.

ఇన్‌స్పెక్టరుకు నాలుగో తరగతి నోటిలెక్కలంటే మోజు. ఆ ఒక్కరోజు నన్ను వసారాలోంచి లోపలికి పిలిచి, ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చోబెట్టేవాడు అయ్యవారు. ఆయన అడగడం, నేను టకటకా చెప్పడం. మొదటి ఏడు ఇన్‌స్పెక్టరు నా తల నిమిరి, "ఈ బడికి ఈ పిల్ల ఒక్కతే చాలయ్యా" అని నవ్వాడు. అయ్యవారు ఆ మాటను మనసులో రాసిపెట్టుకున్నాడు. ఏడాది చివర అందరికీ పై తరగతి ఇచ్చి, నన్ను మాత్రం నాలుగులోనే ఉంచాడు.

నేను ఏడుస్తూ ఇంటికి వస్తే నాయన నవ్వాడు. "పిచ్చి పాపా, మంచి పనోణ్ణి ఏ యజమానయినా మగ్గం మారుస్తాడా? చేతకానోణ్ణే ఆ మగ్గానికీ ఈ మగ్గానికీ తిప్పుతాడు. అయ్యవారు నిన్ను వదల్లేదంటే నీ పనితనం అట్లాంటిది" అన్నాడు. మా ఇండ్లల్లో నిజంగా అంతే. చెయ్యి తిరిగిన మనిషిని ఒకే మగ్గం మీద నిలిపి ఉంచడం గౌరవం. చదువు కూడా అట్లాగే ఉంటుందని మా నాయన నమ్మాడు. నూలు దొరక్క ఇంట్లో పస్తులుంటున్న రోజుల్లో, దాచిపెట్టుకున్న కాస్త నూలుతో జరీ అంచు పైబట్ట నేసి, నన్ను నాలుగులోనే నిలిపి ఉంచినందుకు కృతజ్ఞతగా అయ్యవారికి కప్పి వచ్చాడు. దానికి కండెలు చుట్టింది నేనే. నన్ను కట్టేసినందుకు బహుమానం నా చేతులతోనే తయారయింది. ఇది తలచుకుంటే ఇప్పుడు కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో ఏడూ అంతే. అదే ఇసుక, అదే ఇన్‌స్పెక్టరు, గంపలకు బదులు బస్తాలు, మామిడికాయలకు బదులు కొబ్బరికాయలు. "పునాది గట్టిగా పడాలి" అని నాయనతో చెప్పాడు అయ్యవారు. పునాది, పునాది! గోడ ఎప్పుడు లేపుతావని అడిగేవాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు?

మా ఎదురింట్లో ఒక పిల్ల ఉండేది. నాకంటే చిన్నది, నెమ్మదస్తురాలు. నేను నాలుగులోకి వచ్చినప్పుడు అది మూడులో ఉండేది. పన్నెండో ఎక్కం దగ్గర నత్తినత్తిగా ఆగిపోతుంటే నేనే దగ్గర కూర్చుని నేర్పాను. మరుసటి ఏడు అది నా పక్కన నాలుగులో కూర్చుంది. ఆ మరుసటి ఏడు ఐదులోకి పోయింది. నేను నేర్పిన పిల్ల లోపల కూర్చుని పాఠం వింటుంటే, నేను బయట ఇసుక చదును చేస్తున్నాను. దాని మీద నాకు కోపం రాలేదు. వచ్చిందంతా ఒకే మనిషి మీద.

మూడో ఏడు ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు నేను తెగించాను. అప్పటికే అవ్వ నన్ను ఓ రకంగా చూడటం, అమ్మతో గుసగుసలాడటం మొదలుపెట్టింది. ఇక నాకు వ్యవధి లేదు. అయ్యవారు మా పైబట్టే కప్పుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఎప్పటిలాగే బస్తాల లెక్క వేశాడు. చెప్పాను. చెప్పి కూర్చోలేదు.

"సార్, ఈ లెక్కలే పోయినేడూ అడిగినారు. దానికి ముందేడూ అడిగినారు. నన్ను ఐదో తరగతి లెక్క అడగండి సార్" అన్నాను.

అయ్యవారి ముఖం నల్లబడింది. ఇన్‌స్పెక్టరుకు మాత్రం వేడుకగా ఉన్నట్టుంది. "ఓహో, అంత ధైర్యమా? సరే" అని లేచి, నల్లబల్ల మీద ఒక అంకె వేసి, దాని కింద గీత గీసి, గీత కింద ఇంకో అంకె వేశాడు. పక్కన అట్లాంటిదే ఇంకొకటి. "మూడింట రెండు, నాలుగింట మూడు. రెండూ కలిపితే ఎంతమ్మా?"

అరలు, పావులు నాకు తెలుసు. కానీ ఆ గీతల లెక్క నేను చూడటం అదే మొదలు. అయినా కూడమన్నాడు కదా, కూడాను. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో. "ఏడింట ఐదు" అన్నాను గట్టిగా.

ఐదో తరగతి వరస మొత్తం పగలబడి నవ్వింది. ఎదురింటి పిల్ల ఒక్కతే నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు దాన్ని చూపించి లేపితే, తల దించుకుని, "ఒకటీ, పన్నెండింట ఐదు" అంది. సరైన జవాబు అదే.

"తెలివి ఉంది, తొందర అంతకంటే ఎక్కువ ఉంది. ఐదుకు ఇంకా తయారు కాలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అదే సార్ నేను చెప్పేది. పునాది ఇంకా పడాల" అన్నాడు అయ్యవారు.

చెప్పని పాఠం రాలేదని నన్ను తక్కువ చేశారు. చెప్పకుండా బయట కూర్చోబెట్టినవాడే పక్కన నిలబడి తల ఊపాడు. నేను ఏడవలేదు. పళ్ళు కొరుక్కుంటూ వసారాలోకి పోయి ఇసుకను కాలితో తన్నేశాను.

ఆ సాయంత్రం కండెల బుట్ట పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటే ఎదురింటి పిల్ల వచ్చింది. "అక్కా, సెప్పేదా?" అని మట్టిలో పుల్లతో రాసింది. "కింద ఉండే అంకెలు వేరే వేరే గదా, ముందు రెంటినీ ఒకటి చేసుకోవాల. పన్నెండు చేసుకో. మూడింట రెండంటే పన్నెండింట ఎనిమిది. నాలుగింట మూడంటే పన్నెండింట తొమ్మిది. ఇప్పుడు కూడు."

కూడాను. పదిహేడు. పన్నెండు పోతే ఒకటి, మిగిలింది ఐదు. చేతిలో ఉన్న కండె ఇంకా నిండలేదు, లెక్క వచ్చేసింది. మూడేళ్ళు నాకు దక్కకుండా చేసిన చదువు ఇంతే! ఈ కాస్త చెప్పడానికి ఆ మనిషికి ఒక పూట పట్టేదా? అప్పుడు ఏడుపు వచ్చింది. ఆ పిల్ల భయపడి లేచి ఇంటికి పోయింది.

ఎండాకాలంలో నేను పెద్దమనిషినయ్యాను. అవ్వ నన్ను మూల కూర్చోబెట్టింది. మేనత్త పుత్తూరు నుంచి నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసుకుని వచ్చి, నా నోట్లో పెట్టబోయి, పెట్టకుండా కళ్ళు తుడుచుకుంది. నన్ను పంపమని నాయనను అడిగింది. అవ్వ ఒప్పుకోలేదు, నాయన అవ్వ మాట దాటలేదు.

బడి తెరిచే ముందు అయ్యవారు మళ్ళీ వచ్చాడు. ఒంటి మీద అదే పైబట్ట. "పాపను పంపప్పా. చిన్నోళ్ళకు దిద్దించేదానికి ఎవురూ లేరు. ఇన్‌స్పెక్టరు వచ్చే దినం ఒక్క పూట నాలుగులో కూర్చుంటే సాలు. ఓణీ వేసుకున్నా ఏం పర్వాలేదు" అన్నాడు.

నేను తలుపు వెనక నుంచి అంతా వింటున్నాను. నాయన మెల్లగా అడిగాడు. "అయ్యవారా, నా బిడ్డ ఇంతకీ ఎన్నో తరగతి పాసయినట్టు?"

"లెక్క ప్రకారమైతే మూడు."

"మూడా? మూడేనా సామీ?"

అయ్యవారు పైబట్ట సర్దుకున్నాడు. నాయన మగ్గం వైపు తిరిగి, "పాప రాదు" అన్నాడు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

అయ్యవారు పెద్దగా బాధపడలేదు. మెట్లు దిగుతూ, "సరేలే, ఎదురింటి పాప ఉండాది. ఐదులోనే ఇంకో ఏడు పెట్టుకుంటాను. దానికీ పునాది గట్టిపడుతుంది" అన్నాడు.

అది విన్నాక నేను మూల ఉండలేదు. అవ్వ అరుస్తున్నా వినకుండా పట్టపగలు వీధి దాటి ఎదురింట్లోకి పోయాను. ఆ పిల్ల నాయన మగ్గం మీద పడుగు దారాలు సరిచేసుకుంటున్నాడు. "మామా, పాపను ఈ ఏడే పుత్తూరుకు పంపించు. మా అత్త ఇంట్లో నా చోటు ఖాళీగా ఉండాది" అన్నాను.

"అయ్యవారు మెచ్చి పెట్టుకుంటానంటే మంచిదే గదమ్మా" అన్నాడాయన, మా నాయన నవ్వినట్టే నవ్వుతూ.

"మెచ్చుకొనేది కాదు మామా అది, గుంజకు కట్టేసేది! నన్ను సూడు. నేను మూడు పాసయినాను. మూడు!" అని అరిచాను. నా వెనకే మా నాయన వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన భుజాన తుండు వేసుకుని, "రాప్పా, పోదాం" అన్నాడు. ఇద్దరూ పోయి అయ్యవారి గుమ్మం ముందు నిలబడ్డారు. ఐదు పాసయినట్టు కాగితం చేతికి వచ్చేదాకా కదల్లేదు.

మా మేనత్త సరేనంది. ఆమె ఇంట్లో నా కోసం అనుకున్న చాప మీద ఆ పిల్ల పడుకుంది, పెద్దబడిలో చదివింది, టీచరయింది. సెలవులకు వచ్చినప్పుడల్లా తన పుస్తకాలు నా ముందు పెట్టేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ పిల్ల పుణ్యమే. దాన్ని చూస్తే నాకు సంతోషం. నన్ను తలచుకుంటే మాత్రం కోపం అట్లాగే ఉంది.

ఇప్పుడు బడి నుంచి ఎవరైనా వచ్చి మా మనవరాల్ని చూపించి, "అబ్బ, ఎంత తెలివిగల పిల్లమ్మా!" అంటే ఇంట్లో అందరూ మురిసిపోతారు. నేను ఒక్కటే అడుగుతాను. "సరే, రేపు దానికి కొత్తగా ఏం చెబుతారు?"