చెరువును మింగిన బాయి

మా అమ్మది జనగామ జిల్లా బచ్చన్నపేట వైపు. ఆమె చిన్నప్పుడు అక్కడ నీళ్లంటే రోజూ కొట్లాటే. బోరు వేస్తే దుమ్ము లేచేది, పక్క ఊరి నుంచి బిందెలు మోసుకొచ్చేవాళ్లు. అందుకే తాత సంబంధం చూసేటప్పుడు పిల్లవాడి చదువు అడగలేదు, ఆస్తి అడగలేదు, "ఊర్ల చెరువున్నదా?" అని అడిగాడట. భూపాలపల్లి పక్కన మా ఊళ్లో ఉంది. రాజుల కాలంలో కట్టిన చెరువు, అవతలి ఒడ్డున మనిషి నిలబడితే ఆడో మగో తెలియనంత పెద్దది. తాతకు అది చాలు. "నన్ను మీ బాపుకు ఇయ్యలే, చెరువుకు ఇచ్చిండ్రు" అని అమ్మ ఇప్పటికీ మా బాపును ఆటపట్టిస్తుంది.

ఆ చెరువును చూసుకొని ఆమె ఎంత మురిసిపోయేదో! పుట్టింటి నుంచి ఎవరొచ్చినా కాళ్లకు నీళ్లివ్వకముందే కట్ట మీదికి తీసుకుపోయేది. తామరాకులు, అల్లిపూలు, వల నిండా కొర్రమట్టలు. చలికాలంలో ఏ దేశాల నుంచో పిట్టలొచ్చి దిగేవి. వాటి పేర్లు మాకు తెలియవు, అవి మా చుట్టాలని మాత్రం తెలుసు. సద్దుల బతుకమ్మ నాడు ఊరు ఊరంతా కట్ట దిగి పూలను నీళ్లలో సాగనంపేది. కట్ట కిందే మా పొలం, రెండు పంటలు.

మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటారు. నీళ్ల బావినీ బాయే అంటారు. మా ఊళ్లో బాయి పడుతుందన్న కబురు వచ్చిన రోజు అమ్మ పుట్టింటికి ఫోన్ చేసింది. అమ్మమ్మ సంబరం చూడాలి! "ఏందే, చెరువుండంగ మళ్ల బాయి గూడనా? దేవుడు అన్ని మీకే ఇస్తడు గద!" అన్నది. అమ్మకు నవ్వొచ్చింది. "నీళ్ల బాయి గాదవ్వా, బొగ్గు బాయి" అన్నది. అమ్మమ్మకు ఆ మాట ఎక్కలేదు. "ఏ బాయైతేంది, ఇన్ని నీళ్లు పడ్తె చాలు బిడ్డా" అన్నది. అమ్మ ఫోన్ పెట్టేసి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

గనికి ఆ పేరు పెట్టినవాడెవడో దొరికితే చెంప పగలగొట్టాలని ఉంటుంది నాకు. బావి ఊరికి నీళ్లిస్తుంది. ఇది ఊరి నీళ్లు తాగుతుంది. దీనికి ఆ పేరు ఎట్లా పెట్టబుద్ధయింది?

మా అభిప్రాయం అడుగుతామని బడి ముందు షామియానా వేశారు. కంపెనీ తరఫున వచ్చిన పెద్దసారు మైకు పట్టుకొని, బొగ్గు తీయడం అయిపోయాక ఆ గోతిలో నీళ్లు నిలుస్తాయనీ, అందమైన సరస్సు అవుతుందనీ, బోటింగ్ పెట్టే ఆలోచన కూడా ఉందనీ చెప్పాడు. ఉన్న చెరువును చంపి, మా మనవల కాలానికి గోతిలో మురికినీళ్లు చూపిస్తారట, పడవెక్కి తిరగాలట! అమ్మ లేచి నిలబడింది. "మా చెరువుకైతే ఏం గాదు గదా సారూ, జర గది చెప్పుండ్రి" అన్నది. 'గది' అనగానే సారు పక్కన కూర్చున్నవాడు ముసిముసిగా నవ్వాడు. మా మాటకు నవ్వడం సినిమాల్లో నేర్చుకున్న మొహం. పెద్దసారు మాత్రం మర్యాదగానే, "మీరేం కంగారు పడకండమ్మా, మీ చెరువుకీ మాకూ ఏ సంబంధం లేదు" అన్నాడు. అదొక్కటే ఆ రోజు ఆయన చెప్పిన నిజం.

తవ్వకం దగ్గరికి వచ్చేకొద్దీ చెరువు దిగిపోయింది. వానలు బాగానే పడ్డాయి. పడ్డ నీళ్లన్నీ ఊటగా గోతిలోకి జారాయి. అక్కడ మోటార్లు పెట్టి తోడి, నల్లటి నీళ్లను వాగులోకి వదిలారు. మా పొలం నెర్రెలు విచ్చింది. పోయి అడిగితే వర్షాలు లేవన్నారు, మేము తడిసిన బట్టలతో నిలబడి ఉండగా! బురదలో కొట్టుకుంటున్న కొర్రమట్టలను జనం చేతులతోనే పట్టుకున్నారు. ఆ కూర అమ్మ ముట్టలేదు. తర్వాత లారీలు గనిలో తవ్విన మట్టిని తెచ్చి చెరువులో పోశాయి. ఇప్పుడక్కడ మట్టిగుట్ట ఉంది. చలికాలం పిట్టలు వచ్చి, ఆ గుట్ట చుట్టూ తిరిగి, ఎటో వెళ్లిపోయాయి.

ఊరిని రోడ్డు పక్కన కాలనీకి మార్చారు, చెరువు కట్టను కాచే దేవత కట్టమైసమ్మను కూడా. పూజారిని పిలిచి, పూలదండలు వేసి, డీసీఎం వ్యానులో తెచ్చి, టైల్స్ వేసిన గదిలో కూర్చోబెట్టి ఇనుప గేటు పెట్టారు. బోర్డు మీద 'శ్రీ మైసమ్మ దేవాలయం' అని రాయించారు. తల్లి పేరులోంచి కట్టను కూడా తవ్వుకుపోయారు. బతుకమ్మ పండుగకు ట్యాంకర్ తెప్పించి ప్లాస్టిక్ తొట్టి నింపారు. ఆడవాళ్లు వరుసలో నిలబడి బతుకమ్మలను అందులో ముంచి, తీసి, గోడ పక్కన పెట్టాలి. అమ్మ వరుసలోంచి బయటికొచ్చి తన బతుకమ్మను ఇంటికి తెచ్చేసుకుంది.

నేను మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, బడిపంతులమ్మను. స్టాఫ్ రూములో ఈ గోడు చెప్పుకుంటే ఒక సారు, "మరి మీరు కరెంటు వాడుకోరా మేడం?" అని చమత్కారంగా అడిగాడు. ఒళ్లు మండింది. "వాడుకుంటా సారూ. దానికి మా అమ్మ చెరువును ఇచ్చింది. మీరేమిచ్చిండ్రు?" అన్నాను. టీ చల్లారిపోతున్న సంగతి ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది.

మొన్న మా మేనమామ, అంటే అమ్మ తమ్ముడు, గృహప్రవేశం పెట్టుకుంటే బచ్చన్నపేట పోయాం. అక్కడ ఇన్నేళ్లు ఎండిన చెరువుకు ఇప్పుడు కాలువ నీళ్లొచ్చాయి. మామ మమ్మల్ని కట్ట మీదికి తీసుకుపోయి, "చూడక్కా, గోదారి పైపులెక్కి మన ఊరికొచ్చింది" అని చెయ్యి చాపి చూపించాడు. నిండుగా ఉంది. నాకైతే కడుపు నిండినట్టయింది, మరుక్షణమే మా చెరువు గుర్తొచ్చి మళ్లీ కోపమొచ్చింది.

అమ్మ మెట్లు దిగి, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి మొహం కడుక్కుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె నీళ్ల వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"తమ్మీ, దీని కింద బొగ్గు లేదు గదా?"

మామ పగలబడి నవ్వాడు. "ఈడ బొగ్గెక్కడిదక్కా? ఒట్టి రాయి."

"రాయి గూడ కొంటరు తమ్మీ," అన్నది అమ్మ.