మల్లయ్య దర్వాజ, నా మీసం

అరె, నా మూతి చూసి ఎవ్వలూ ఏడ్వకుండ్రి! మా బాపు నిమ్మళంగ ఉన్నడు. చెల్లె ఇంట్ల కూసోని సుట్ట తాగుతాండు. ముందుగాల గా చాయ్ తాగుండ్రి, చెప్త.

మీకు ఎరికే కద, గొల్ల మల్లయ్య ఇల్లు రజాకార్ల గడబిడల కాలిపోయింది. అప్పటిసంది పెండ్లాం పిల్లలతోని గొర్ల దొడ్డి పక్కన పందిరేసుకొని బతుకుతాండు. మిలట్రీ వచ్చి అంత సల్లవడ్డంక మళ్ళ గోడలు లేపిండు.

"ఈరయ్యా, గీ బేస్తారం పొద్దు నెత్తిమీదికొచ్చే లోపట దర్వాజ నిలవడాలె. గది దాటితె మళ్ళ మూడు నెలలు మూర్తం లేదన్నడు పంతులు" అన్నడు.

మూడు నెలలు! మల్లయ్య పెండ్లానికేమో నెలలు నిండుతున్నయ్. పందిరి కింద కాన్పు ఎట్ల? "నిలవెట్టకపోతె నేను కట్టెపని చేసే వడ్లోన్నే కాదు" అన్న.

అన్ననా, ఇంటికొచ్చి చూస్తె ఉలులన్నిటికి తుప్పు! గా గడబిడల ఎవలన్న గుంజుకపోతరని పెరట్ల బొంద తవ్వి దాసిపెట్టిన గద. ఇగ జిద్దుగ కూసున్న. మూడొద్దులు సానరాయి, నేను. వెంట్రుక గొరగని ఉలితోని కట్టె ముట్టద్దని బాపు నాకు చిన్నప్పటిసంది చెప్పేటోడు. నూరుడు, ముంజేతి మీద గొరిగి చూసుడు. మళ్ళ నూరుడు, మళ్ళ గొరుగుడు. రెండో దినానికి చేతులు రెండు నున్నగయినయ్. కాళ్ళు షురూ చేసిన. అవిగూడ ఒడిసినయ్.

బేస్తారం తెల్లారంగ ఆఖరు ఉలి ఒక్కటి మిగిలింది. పదును చూద్దామంటె ఒంటిమీద వెంట్రుక లేదు! జర మీసం కొస మీద పెట్టిన. సర్రున తెగింది! గీత గూడ పడలే. ఎంత సంబురమైందో! కని ఒకదిక్కు పొట్టిగయింది. రెండోదిక్కు సమానం చేసిన. అది ఇంకింత పొట్టిగయింది. మళ్ళ ఇటు, మళ్ళ అటు... వడ్లోని కండ్లాయె, వంకర ఉంటె ఓర్వయి. సమానమయ్యేసరికి మీసమే లేదు!

సలికి తువ్వాల మూతికి సుట్టుకొని పోయిన. మల్లయ్య ఇంటికాడ తువ్వాల ఇప్పిన్నో లేదో, వాళ్ళమ్మ నన్ను పట్టుకొని శోకం మొదలువెట్టింది. "అయ్యో కొడుకా, మీ బాపు పోయిండా!"

పంతులు నాలుగడుగులు ఎనుకకు జరిగిండు. "తండ్రి పోయిన మైలల దర్వాజ ముట్టద్దు నాయనా."

"పోయింది మీసం, బాపు కాదు!" అని ఎంత మొత్తుకున్న ఎవ్వలూ నమ్మలే. గీ రెండేండ్లల్ల ఎన్ని సావులు చూసిండ్రో పాపం, సావు కబురైతె అడగకుండనే నమ్ముతాండ్రు. దుఃఖంల ఏదో మాట్లాడుతాండని నాకు నీళ్ళు తాపిండ్రు. మల్లయ్య పెండ్లాం మొఖం చూస్తె నాకు నిజంగనే ఏడుపొచ్చింది. అది చూసి అందరు ఇంక గట్టిగ ఏడ్సిండ్రు!

"మల్లన్నా, బండి కట్టు! చెల్లె ఇల్లు పక్కూర్లనే. బాపునే తోలుకరా!" అని ఒర్రిన. మల్లయ్య పోయిండు. నేను చెక్కలకు దూరంగ కూసోని పొద్దు దిక్కు చూస్తున్న.

బండొచ్చింది. బాపు దిగుడు దిగుడే గొల్లుమన్నడు. "కొడుకా! నేనైతె బతికే ఉన్న. అంటె మీ అమ్మ పోయిందారా!"

"అమ్మ కొట్టంల ఆవుకు గడ్డేస్తాంది బాపూ! నేనొచ్చేటప్పుడు చూసిన. గీ ఉలి పదును చూసిన, గంతే!"

బాపు కండ్లు తుడుసుకొని, ఉలి తీసుకొని ముంజేతి మీద పెట్టి చూసిండు. "పదునైతె పెట్టినవ్" అని ఈపుల రెండు గుద్దిండు. ఇగ ఇద్దరం కూసోని చెక్కలు అతికేటందుకు తొర్రలు కొట్టినం. పొద్దు నెత్తిమీదికి రాకముందే దర్వాజ నిలవడ్డది. మల్లయ్య పెండ్లాం దర్వాజకు పసుపు రాసుకుంట నవ్వుతుంటె, మీసం పోతె పోయిందనిపించింది.

పొయ్యేటప్పుడు బాపు ఒక్కటే మాటన్నడు. "నేనొచ్చేదాక ఇంటికి పోకు. ఒక్కనివి పోతె మీ అమ్మ నిన్ను చూసుడు, గాజులు పలగ్గొట్టుకునుడు!"

ఆయనేమో చెల్లె ఇంట్ల కోడికూర తినుకుంట, ఆయితారం దాక కదలనంటాండు. గందుకే రెండొద్దులసంది గీ హోటల్ బల్ల మీద పండుకుంటున్న. మంది ఇంటికి దర్వాజ నిలవెట్టినోన్ని, నా ఇంటి దర్వాజ దాటే గతి లేదు!