పారిస్‌లో పల్నాటి నాలుక

మీరు కారం బాగా తినగలరని గర్వపడుతుంటారా? తల అడ్డంగా ఊపకండి. "మా గుంటూరోళ్ళకి ఇదొక కారమా?" అని పొరుగు జిల్లా చుట్టం ముందు ఒక్కసారైనా మీసం తిప్పే ఉంటారు. మీసం లేనివారు కనీసం కనుబొమలు ఎగరేసి ఉంటారు. అయితే ఈ కథ మీకే. ఇందులో ఒక పల్నాటి హేతువాది పారిస్ నగరంలో, నిండు హోటల్లో, తప్పిపోయిన పిల్లాడిలా ఏడుస్తాడు. ఎవరా అని వెతుక్కోనక్కర్లేదు. నేనే.

కొన్నేళ్ళ కిందటి మాట. నరసరావుపేటలో సైన్సు పాఠాలు చెప్పి అప్పుడే రిటైరయ్యాను. ముహూర్తాలు, శకునాలు, కులగర్వాలు ఏ మూల కనబడ్డా మైకు పట్టుకుని విరుచుకుపడటం నా అలవాటు. మా ఆవిడ రోజమ్మది రెంటచింతల, క్యాథలిక్ కుటుంబం. ఆమె చర్చికి వెళుతుంది. నేను బయట అరుగు మీద కూర్చుని వాదించడానికి మనిషి కోసం చూస్తాను. ఇలా మా కాపురం హాయిగానే సాగుతోంది. ఆమెకు పారిస్ చర్చీలు చూడాలని ఎప్పటి నుంచో కోరిక. ఆమె అన్నకూతురు లావణ్య అక్కడే చదువుతోంది. "వారం రోజులు రండి అత్తా, అన్నీ నేను చూపిస్తా" అంది. ప్రయాణం కట్టాం.

ఇక్కడే నా నోరు నన్ను ముంచింది. బయలుదేరే ముందు, అప్పటికే రోజమ్మకు వినిపించిన ఒక వ్యాసాన్ని మా హేతువాద మిత్రుల సమావేశంలో చదివాను. పేరు 'నాలుకకు సొంతూరు లేదు'. పరదేశం పోతూ పచ్చడి సీసా మోసుకుపోవడం తాయెత్తు కట్టుకోవడం లాంటిదేనని తేల్చేశాను. చప్పట్లు మోగాయి. ఇంటికొచ్చేసరికి రోజమ్మ గోంగూర పచ్చడి సీసాకు గుడ్డ చుడుతోంది.

"ఏంటిది?" అన్నాను, ఇంకా వేదిక దిగని గొంతుతో.

"లావణ్యకి. నీక్కాదులే మాస్టారూ. నీకు తాయెత్తులు పడవుగా."

"వారం రోజులు దాని మొహం చూడను. పందెం!"

"నోరు తెరిచి ఆ సీసా అడిగావనుకో, వచ్చే ఎండాకాలం ఆవకాయ మొత్తం నువ్వే పెట్టాలి. ముక్కలు కొట్టే కాడ్నించి జాడీ కట్టే దాకా. నేను కుర్చీ ఏసుకుని చూస్తా."

"నేను గెలిస్తే?"

"నీ ఉపన్యాసం ముందు వరసలో కూర్చుని, కునుకు తీయకుండా ఇంటా."

మా దాంపత్యంలో అంత పెద్ద బహుమతి ఎవరూ ప్రకటించలేదు. వెంటనే ఒప్పుకున్నాను.

నిజం చెప్పాలి, ఫ్రెంచివాళ్ళ తిండి నన్ను మొదటిరోజే లోబరుచుకుంది. ఆ రొట్టె చూడాలి! పైన ఎండకు బీటలువారిన రేగడిలా పెటపెటలాడుతుంది, లోపల జున్నులా దిగబడుతుంది. ఉల్లిపాయల పులుసొకటి ఇచ్చారు. ఉల్లిపాయను అంత ఓపిగ్గా వేయించే జాతితో మనకు తగువే ఉండకూడదు. ఒకరోజు జున్నుగడ్డలాంటిది తెచ్చిపెట్టారు. వానలో తడిసి మూలన పడేసిన నా బూట్ల వాసన.

"ఇది కుళ్ళింది కాదూ?" అంది రోజమ్మ ముక్కు మూసుకుని.

"పులిసింది. పులిసిన మజ్జిగ తాగవా? అసహ్యమనేది అలవాటు చేసే మోసం" అని నోట్లో వేసుకున్నాను. అద్భుతం! రెండో ముక్క కూడా తిన్నాను. పందెం నా చేతిలో ఉందనిపించింది. అయినా ఆ సీసా మాత్రం రోజమ్మ చేతిసంచిలో మాతోపాటే ఊరంతా తిరిగేది.

"లావణ్యకిచ్చెయ్యరాదూ?"

"వెళ్ళేటప్పుడిస్తా. తొందరేం?"

చివరిరోజు మధ్యాహ్నం లావణ్య మమ్మల్ని ఒక చిన్న హోటల్‌కు తీసుకెళ్ళింది. బల్లలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మా పక్కబల్ల దగ్గర తెల్లజుట్టు పెద్దావిడ ఒక్కతే కూర్చుని తింటోంది. మాకు పెద్ద పళ్ళెంలో ఉడికించిన మాంసం, క్యారెట్టు, బంగాళాదుంపలు వచ్చాయి. ఉప్పు తప్ప కారమన్నది కలలోకైనా రాని కూర. బాలింత పథ్యంలా ఉంది. పక్కనే చిన్న మట్టిపిడతలో పసుపుపచ్చని ముద్ద. చూడటానికి అచ్చం మన ముద్దపప్పు.

"మావయ్యా, అది ఆవముద్ద. చెంచా కొసన కాస్త అంటించుకుని తినాలి. ఘాటు ఎక్కుద్ది" అంది లావణ్య.

"ఆవాలా? ఆవకాయలో పుట్టి పెరిగినోణ్ణి, ఆవాల గురించి నాకు చెబుతున్నావా తల్లీ!"

"ముందు నాలిక్కి తగిలించి చూడరాదయ్యా" అంది రోజమ్మ.

"చూడక్కర్లేదు. ఇది శాస్త్రం. చలిదేశంలో కారం పుట్టదు. ఎండ ఉంటేనే ఘాటు. మా మాచర్ల ఎండకు కాగిన నాలుకను ఈ మంచుదేశపు పచ్చడి ఏం చేస్తుంది?"

పాఠకులారా, గమనించారా? పరీక్షించకుండా ఏదీ నమ్మవద్దని ఊరూరా అరిచినవాడు చెంచా కొసన పరీక్షకు ఒప్పుకోలేదు. పుట్టుకతో ఎవడికీ గొప్పతనం రాదని గొంతు చించుకున్నవాడు, పల్నాట పుట్టింది కాబట్టి తన నాలుక గొప్పదన్నాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. శకునాలు లేవని చెప్పే బల్లి కూడా పడేది ఆ కుడితిలోనే.

పిడతలో సగం దుంపల మీద వేశాను. ఫోర్కు పక్కన పెట్టి చేత్తో పిసికాను. మన ఇళ్ళల్లో మొదటి పచ్చడి ముద్ద ఎంత ఉంటుందో మీకు చెప్పాలా? అంత ముద్ద చేసి మింగాను.

మొదట ఏమీ జరగలేదు. "చూశారా!" అని వేలెత్తాను.

వేలు అక్కడే ఆగిపోయింది.

మిరపకారం మర్యాద తెలిసిన చుట్టం. గుమ్మంలో నిలబడి, నాలుకను పలకరించి, మెల్లగా లోపలికొస్తుంది. ఇది దొడ్డిగోడ దూకి, ముక్కులోంచి నేరుగా నడినెత్తి మీద అటక ఎక్కింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో తల పెట్టినట్టయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. నా తలను లోపలి నుంచి తన్నారు. కళ్ళలోంచి ధారలు. ఎత్తిన వేలు మాత్రం దించలేదు. అదొక్కటే మిగిలిన పరువు.

పక్కబల్ల పెద్దావిడ గబగబా లేచొచ్చి నా రెండో చెయ్యి పట్టుకుని నిమురుతూ ఏదో అంది.

"ఏమంటోందే?" అంది రోజమ్మ.

"ఊర్నించి ఏమైనా చెడ్డ కబురొచ్చిందా అని అడుగుతోంది అత్తా."

"వచ్చింది. ఈయన ఊరి గొప్ప పోయిందంట అని చెప్పు."

లావణ్య నవ్వాపుకోలేక పిడత చూపించింది. పెద్దావిడకు విషయం తెలిసింది. నా భుజం తట్టి, చిన్నపిల్లాణ్ణి ఓదార్చినట్టు మరేదో అంది.

"మీ దేశంలో అందరూ చప్పిడి తిండి తింటారు కాబోలు, పాపం అలవాటు లేదు అంటోంది మావయ్యా."

చప్పిడి! మాకు! నా హేతువాదం, నా వ్యాసం, చప్పట్లు అన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. కళ్ళు తుడుచుకోకుండానే గర్జించాను. "రోజమ్మా! తియ్యి ఆ సీసా! కారమంటే ఏందో ఈమెకి చూపిద్దాం!"

రోజమ్మ మొహంలో మెల్లగా దీపావళి మొదలైంది.

"ఏందయ్యా, ఏం తియ్యమన్నావు?"

"... ఏం లేదు."

"లావణ్యా, ఇన్నావుగా?"

"ఇన్నా అత్తా. హోటలంతా ఇంది."

సీసా బల్ల మీదకొచ్చింది. పెద్దావిడ చాకు కొసకు గోంగూర రవ్వంత అంటించుకుంది. ముందు వాసన చూసింది. నాలుకకు తగిలించి ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి, బుగ్గలు ఎర్రబడ్డాయి. ఒక గుక్క నీళ్ళు తాగి, రొట్టె ముక్క తుంచి, ఈసారి కాస్త ఎక్కువ పూసుకుని, హాయిగా నమిలింది. ఒక్క కన్నీటి చుక్క లేదు. ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాపింది కూడా. నేను ఇంట్లో పారేసుకొచ్చిన పరీక్షించే పద్ధతి ఆమె దగ్గర భద్రంగా ఉంది. ఆ తర్వాత మేం నలుగురం ఆ గోంగూరతో రొట్టె తిన్నాం. అంత రుచైన ఓటమి నేనెప్పుడూ తినలేదు.

మరుసటి ఎండాకాలం మా డాబా మీద, నడినెత్తిన ఎండలో మామిడికాయలు కొడుతూ, ఆవపిండి జల్లిస్తూ, తుమ్ము మీద తుమ్ము తుమ్మాను. నీడలో కుర్చీ వేసుకుని రోజమ్మ మజ్జిగ తాగుతోంది.

"నెమ్మదయ్యా మాస్టారూ. మాచర్ల ఎండలో కాగినోడివి, తుమ్ములేంది?"

దేవుడి మీద ఒట్టు వేసే సౌకర్యం నాకు లేదు. అందుకని ఆ పళ్ళెంలో ఆవపిండి మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇకపై ఏ దేశపు పిడతనైనా చెంచా కొసతోనే పలకరిస్తాను. నా నాలుక పుట్టిన ఊరు చూపించి ఎవరి ముందూ మీసం తిప్పను. తుమ్ము రావడంతో ఒక పిడికెడు ప్రమాణం గాలికి కొట్టుకుపోయింది గాని, మిగిలింది నిలబెట్టుకుంటున్నాను.

ఇప్పుడు మీ వంతు. నవ్వింది చాలు, లేవండి. పుట్టుకతోనే వచ్చిందని మీరు మీసం తిప్పే గొప్ప ఏదో ఒకటి ఉంటుంది. ఊరో, కులమో, నాలుకో. ఈ పూట భోజనానికి కూర్చునేలోపు దాన్ని చిటికెనవేలి కొసకు తీసుకుని నాకి చూడండి. ముద్ద మింగి వేలెత్తడం తర్వాత. ముందు నాకండి!