కోడిగుడ్డుకు వారవర్జ్యాలు

మనవరాలికి తొమ్మిదో నెల టీకా వేయించడానికి ఒక సోమవారం పంజాగుట్టలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, కోడలూ నేనూ. సూది గుచ్చిన ఏడుపు సద్దుమణిగాక ఆవిడ పాప బరువు చూశారు. కింది చిగుళ్ళలో మొలిచిన రెండు పళ్ళను వేలితో తడిమి, "ఇంక గుడ్డు మొదలుపెట్టండి" అన్నారు.

పద్ధతి కూడా ఆవిడే చెప్పారు. గుడ్డు గట్టిగా ఉడకాలి. ముందు పచ్చసొన మాత్రమే, అదీ బఠాణీ గింజంత. రోజంతా గమనించడానికి వీలుగా ఉదయం పూటే పెట్టాలి. వరసగా మూడు రోజులు పెట్టాలి. ఆ మూడు రోజులూ కొత్తది మరేదీ పాప నోట్లో పడకూడదు. ఇవి ఆనాటి మాటలు. ఇప్పటి డాక్టర్లు వేరేగా చెబుతున్నారని విన్నాను. నేను మాత్రం ఆ రోజు ఇంటికి రాగానే డైరీలో రాసుకున్నది రాసుకున్నట్టు చెబుతున్నాను.

"మేడమ్, దీనికి ఊరికే దద్దుర్లు లేస్తాయి. సబ్బు మార్చినా లేచాయి. గుడ్డు పడకపోతే?" అని కోడలు అడిగింది.

"అందుకే మీరు ఇంట్లో ఉండగా పెట్టమంటున్నాను. పిల్ల ఒంటి తీరు మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మళ్ళీ ఆఫీసు ఎప్పుడు?"

"వచ్చే సోమవారం."

"ఇంకేం, బోలెడు టైముంది" అన్నారు డాక్టరమ్మ. ఆవిడకు మా ఇంటి సంగతి తెలియదు.

మా ఇల్లు మధురానగర్‌లో ఒక అపార్టుమెంటులో రెండో అంతస్తు. మాది తెనాలి వైపు. కోడలిది సిద్దిపేట. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, మా వీధి చివర ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. ఆ కోర్సులోనే మావాడు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ పైన జరిగింది ఆ రోజుల్లో అమీర్‌పేటలో చాలామందికి జరిగిందే. పెళ్ళయ్యాక బేగంపేటలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేరు టెస్టింగ్ పని చేసేది. కాన్పు సెలవు, దాని మీద పెట్టిన జీతం లేని సెలవు, రెండూ ఆ వారంతో అయిపోతున్నాయి. తను ఆఫీసుకు వెళ్తే పాపను చూసుకోవడానికి వాళ్ళమ్మ, అంటే మా వియ్యపురాలు, దసరా వెళ్ళగానే వచ్చి మా ఇంట్లో దిగారు.

గుడ్డు తినని ఇల్లు కాదు మాది. వియ్యపురాలైతే కోడికూర వండితే వాసన మెట్ల దాకా వచ్చేది. చిక్కు గుడ్డుతో కాదు, వారంతో. మా ఆవిడ సోమవారం శివుడికి, శనివారం వెంకటేశ్వరస్వామికి ఒదిలేసింది. వియ్యపురాలు మంగళవారం ఆంజనేయుడికి, గురువారం సాయిబాబాకి. ఒదిలేయడం అంటే తాము తినకపోవడం ఒక్కటే కాదు, ఆ రోజు ఇంట్లో గుడ్డు ఉడకకూడదు.

ఆ సాయంత్రం ఒక కాగితం మీద ఏడు గళ్ళు గీసి, నిషిద్ధమైన గళ్ళు నల్లగా నింపాను. మిగిలినవి బుధ, శుక్ర, ఆదివారాలు. వరసగా మూడు రోజులు కాదు గదా, రెండు రోజులు కూడా పక్కపక్కన లేవు. పైగా దీపావళి దగ్గరకొచ్చింది. ఆ మర్నాటి నుంచి కార్తీకమాసం. నెల రోజులూ అమ్మమ్మకీ నాయనమ్మకీ ఇద్దరికీ గుడ్డు పేరే పనికిరాదు. ఈ వారం దాటిందంటే పాప మొదటి గుడ్డు తినేసరికి వాళ్ళమ్మ ఆఫీసులో ఉంటుంది.

కాగితం హాల్లో బల్ల మీద పెట్టాను.

"ఎవరో ఒకరు ఒక్క రోజు ఒదులుకుంటే గానీ కుదరదు" అన్నాను.

మా ఆవిడ చూసి, "వదినగారూ, గురువారం మీరు పొద్దున్నే ఎర్రగడ్డలో మీ చెల్లెలుగారింటికి వెళ్ళి సాయంత్రం వస్తే సరిపోతుంది కదా?" అంది, ఎంతో మర్యాదగా.

"నా మనుమరాలు తొలిసారి గుడ్డు తింటుంటే నేను ఎర్రగడ్డల కూసోవాల్నా?" అన్నారు వియ్యపురాలు. "గట్లయితే శుక్రవారం, శనివారం, ఐతారం పెట్టుకుందాం. శనివారం మీరే తిరుపతి పోయిరాండ్రి వదినా. లడ్డు సుత వస్తది."

"పాపకి వారాలు లేవు కదా. మీరు తినకపోతే చాలదా?" అన్నాను.

"ఇంట్లో ఉడికితే ఇల్లంతా తిన్నట్టే" అంది మా ఆవిడ.

"గదే కదా" అన్నారు వియ్యపురాలు. అప్పటిదాకా వాదించుకున్న ఇద్దరూ నా మీదికొచ్చేసరికి ఒకటైపోయారు.

కోడలు లోపలికెళ్ళి మంచం కిందనుంచి ఒక అట్టపెట్టె లాగింది. అందులోంచి కరెంటు కెటిల్ బయటికి తీసింది, అడుగంతా తెల్లగా పొలుసు కట్టినది. హాస్టల్లో గదిలో పొయ్యి పెట్టుకోనివ్వరు. నీళ్ళు కాచుకోవడానికని చెప్పి ఆడపిల్లలందరూ కెటిళ్ళు కొనుక్కుని, అందులోనే నూడుల్సు, అందులోనే గుడ్లు చేసుకునేవారట.

"బుధ, గురు, శుక్రవారాలు పెడతాను. గురువారం నాడు ఇది బాల్కనీలో పెడతాను. పొయ్యి మీద కాదు, వంటగిన్నె కాదు, గడప లోపల కాదు. ఇంకేమన్నా ఉందా?"

వియ్యపురాలు చాలాసేపు ఆలోచించి, "బాల్కనీ తలుపు దగ్గరకెయ్యి" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

బుధవారం ఉదయం గుడ్డు పొయ్యి మీదే ఉడికింది. కోడలు పచ్చసొనలోంచి బఠాణీ గింజంత తీసి, కాచి చల్లార్చిన నీళ్ళు రెండు చుక్కలు కలిపి, వేలితో మెదిపి పాప పెదవుల మధ్య పెట్టింది. నలుగురం చుట్టూ వంగి ఉన్నాం. పాప మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది. నాలుక బయటపెట్టింది, లోపలికి లాక్కుంది, ముఖం ముడిచింది. సగం గడ్డం మీదికి జారింది. అది కోడలు వేలితో తుడిచి మళ్ళీ లోపలికి తోసింది. ఈసారి మింగింది. మింగి నోరు తెరిచింది.

"ఇంక లేదు తల్లీ, ఇవాళ్టికి అంతే" అంటే ఊరుకోదు. చెంచా పట్టుకుని ఏడుపు.

నేను టైము చూసి డైరీ తీశాను. "మీరు రాసుకోవడం అయ్యేదాకా పిల్ల మింగకుండా ఆగాలా?" అంది మా ఆవిడ. మిగిలిన గుడ్డు మావాడు ఉప్పు, మిరియాలపొడి చల్లుకుని తిని ఆఫీసుకు పోయాడు. ఆ రోజంతా కోడలు పాపను కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి మెడ, వీపు, మోచేతి మడతలు తిప్పి చూస్తూనే ఉంది. ఏమీ లేదు.

గురువారం బాల్కనీలో కెటిల్ బుడబుడమంది. పాప వియ్యపురాలి ఒళ్ళో తప్ప తిననని మొండికేసింది. ఆవిడ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు.

"తిన్నదా?"

"తింటున్నది అమ్మా."

"మింగిందా?"

"జర ఆగు. మింగుతున్నది."

"నవ్వుతున్నదా? అన్నయ్యా, మీరు జెప్పుండ్రి, అది నవ్వుతున్నదా?"

"చూడొచ్చు కదండీ" అన్నాను.

"బేస్తారం ఎట్ల చూస్త?" అన్నారు గోడతో. కానీ పాప చప్పరింపు వినబడగానే కొంగు వెనక ఆవిడే నవ్వారు. ఆ రోజు కూడా దద్దుర్లేమీ రాలేదు. కోడలు రాత్రి భోజనాలయ్యాక ఆఫీసు గుర్తింపు కార్డు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

మూడో రోజు శుక్రవారం. మా ఆవిడ దీపం పెట్టాక గుడ్డు ఉడికింది. పాప ఈసారి కంది గింజంత కూడా వదలకుండా తినేసింది. తర్వాత నేనే ఎత్తుకుని హాల్లో తిప్పాను. భుజం మీద తల వాల్చి, బుగ్గకు బుగ్గ ఆనించి పడుకుంది. కాసేపటికి కోడలు వచ్చి చేతుల్లోకి తీసుకుని, అక్కడే ఆగిపోయింది.

పాప కుడి బుగ్గ మీద ఎర్రటి చుక్కలు. చిన్నవి, దగ్గరదగ్గరగా, ఆవగింజలు చల్లినట్టు.

ఎవరూ అరవలేదు. కోడలు పాప గౌను విప్పి ఒళ్ళంతా చూసింది. "నేను పోను మామయ్యా. సోమవారం ఆఫీసుకి పోను. ఫోన్ చేసి చెప్పేస్తా" అంది.

"నిన్న పెట్టకుండా ఉండాల్సింది. గురువారం అన్నారు కదా వదినగారు, వింటేగా" అంది మా ఆవిడ.

"బాబా ఏమనడు. పసిపిల్ల మీద ఆయనకేం కోపం? ఇయ్యాల శుక్రవారం, లక్ష్మీదేవి దినం, మీ దీపం ముంగటనే ఉడకబెడితిరి" అన్నారు వియ్యపురాలు.

"ముందు ఆటో పిలుద్దాం" అన్నాను.

అమీర్‌పేట చౌరస్తాలో ఆటో ఆగిపోయింది. కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి, జావా, ఒరాకిల్, అమెరికా వీసా. ఒకాయన ఆటోలోకి వంగి, కోడలికి "టెస్టింగ్ కొత్త బ్యాచ్ మేడమ్, డెమో ఫ్రీ" అని కాగితం ఇవ్వబోయాడు. కోడలు ఆయన వంక చూసిన చూపుకి కాగితం వెనక్కి తీసుకున్నాడు. పాప మాత్రం నా భుజం మీద హాయిగా ఉంది. బుగ్గ నా బుగ్గకేసి రుద్దుకుంటూ ఆటల్లో పడింది. పంజాగుట్ట చేరేసరికి చుక్కలన్నీ కలిసి పెద్ద ఎర్రమచ్చ అయ్యాయి. అది చూసిన కోడలు ఆటో చిల్లర కోసం కూడా ఆగలేదు.

డాక్టరమ్మ పాపను బల్లమీద పడుకోబెట్టి నాలుక, గొంతు, కడుపు, వీపు చూశారు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. పాప ఆ గొట్టం పట్టుకుని లాగింది. ఆవిడ ఎడమ బుగ్గ చూశారు, కుడి బుగ్గ చూశారు. తర్వాత తలెత్తి నా వంక చూశారు.

"తాతగారూ, కొంచెం ఇలా వెలుతురులోకి రండి. దారంతా ఎత్తుకున్నది మీరేనా?"

"నేనేనండీ."

"ఏ భుజం మీద?"

చూపించాను.

"ఇవాళ గడ్డం గీసుకున్నారా?"

"లేదండీ. మంగళవారం, శుక్రవారం గీసుకోను. మా నాన్నగారి కాలం నుంచీ ఇంట్లో అంతే."

ముందు నవ్వింది కోడలే. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మామయ్యా! మొన్న మంగళవారం కూడా ఇట్లనే వచ్చింది మేడమ్, దోమలు కుట్టాయనుకున్నాం. దోమల జాలీ సుత కొన్నాం!"

నేను గడ్డం తడిమి చూసుకున్నాను. ఒక్క రోజు పెరుగుదలే. నా చేతికైతే ఏమీ గుచ్చుకోలేదు.

"గుడ్డు వల్ల అయితే ఒక్క బుగ్గనే ఎంచుకుని రాదమ్మా" అన్నారు డాక్టరమ్మ. "అయినా కాసేపు బయట కూర్చోండి. తాతగారు కాస్త దూరంగా."

బెంచీకి ఆ చివర నేను, ఈ చివర వాళ్ళిద్దరూ కూర్చున్నాం. పాప నా వైపు చేతులు చాచడం, కోడలు వెనక్కి లాగడం. ఎదుటి బెంచీ మీది వాళ్ళు నన్ను ఏదో అంటువ్యాధి ఉన్నవాడిలా చూశారు. మచ్చ మెల్లమెల్లగా లేతపడి మాయమైంది. డాక్టరమ్మ మరోసారి చూసి, అనుమానం తీరడానికి ఆదివారం కూడా పెట్టి చూడమన్నారు.

ఇంటికెళ్ళి సంగతి చెబితే మా ఆవిడా వియ్యపురాలూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "మా వారాలకి గళ్ళు గీసి నల్లరంగు పూశారు, మీ వారాలెక్కడా కనబడలేదే?" అంది మా ఆవిడ. "ఏడు గళ్ళల్ల ఆ రెండు మాకు చూపెట్టలేదు అన్నయ్యా" అన్నారు వియ్యపురాలు. ఆ సాయంత్రమే గడ్డం గీసుకున్నాను, శుక్రవారమైనా సరే. మా నాన్నగారు ఉంటే ఏమనేవారో గానీ, పాప మాత్రం నున్నటి బుగ్గను గిల్లి చూసింది.

ఆదివారం ఎవరి వారమూ కాదు. గుడ్డు పొయ్యి మీద ఉడికింది. వియ్యపురాలు ఈసారి ఎదురుగా కూర్చుని, పాప నోరు తెరిచిన ప్రతిసారీ తనూ నోరు తెరిచారు. కోడలు పచ్చసొన సగం దాకా పెట్టి, నన్ను నాలుగడుగుల దూరంలో నిలబెట్టి, సాయంత్రం దాకా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తూనే ఉంది. చీకటి పడ్డాక పాపకు గౌను తొడిగి, "ఏం లేదు" అంది, తనలో తను చెప్పుకున్నట్టు. తర్వాత ఇస్త్రీపెట్టె తీసి చుడీదారు ఇస్త్రీ చేసుకుంది.

సోమవారం కిందికి క్యాబ్ వచ్చింది. పాప ఏడవలేదు. కోడలు మెట్ల మలుపు దాకా ఏడ్చి, అక్కడ ముఖం తుడుచుకుని ఎక్కింది. తొమ్మిదిన్నరకు ఫోన్. "రాగిజావ తాగిందా?" తాగిందన్నాను. పదింటికి మళ్ళీ ఫోన్. "ఒంటి మీద ఏమన్నా ఉందా? వీపు చూశారా?" చూశానన్నాను. పన్నెండుకు మళ్ళీ మోగింది.

"పడుకుందమ్మా. బుగ్గలు రెండూ తెల్లగా ఉన్నాయి."

"సరే మామయ్యా. మీటింగ్ ఉంది, పెట్టేస్తున్నా" అంది.

ఆ తర్వాత సాయంత్రం దాకా ఫోన్ మోగలేదు.