మైనం కింద మరలు

రెండేళ్లుగా మా ఇంట్లో ఒక పెద్దాయన తనకు చెవుడు వచ్చిందని నమ్మి బతుకుతున్నారు. నమ్మించింది నేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. పాప పడుకుంది, ఇప్పుడే రాసేయాలి.

ఆయన మా మామ. మా ఊరి దాజీ పేట్‌లో వయసంతా పవర్‌లూమ్ సాంచెల మీద బట్ట నేస్తూ గడిపి, పని మానాక పాత సామాన్ల అంగట్లో ఒక వాల్వు రేడియో కొనుక్కొచ్చారు. షార్ట్‌వేవ్ పట్టే పెద్ద కర్ర పెట్టె. ఎండిపోయిన కండెన్సర్లు మార్చారు. ఒక వాల్వు కోసం ఊరంతా తిరిగారు. చివరికి, లోపలి రేకు డబ్బాల నెత్తిన ఉండే చిన్న మరలను కొద్దికొద్దిగా తిప్పుతూ, స్టేషన్లు స్పష్టంగా పలికిన చోట ఆపి, కదలకుండా కొవ్వొత్తి మైనం వేశారు. ఇవి తిరిగితే సెట్టు మూగబోతుందని, బీఎస్సీ చదివిన కోడలినని, నాకే చూపించి చెప్పారు.

అప్పుడు పాప నెలల పిల్ల. తక్కువ బరువుతో పుట్టింది. నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని, లేస్తే పాలు చాలలేదేమోనని ఏడ్చేదాన్ని. పక్కింటి సాంచెల మోతకు కదలని పిల్ల, సాయంత్రం రేడియో కుయ్యిమనగానే ఉలిక్కిపడి లేచేది. ఆపమని అడిగి ఉంటే ఆపేవారే. ఎందుకు అడగలేదు? మంచి కోడలనే పేరు పోతుందని. ఒక మధ్యాహ్నం ఆయన అశోక్ చౌక్‌కు వెళ్లగానే మైనం గీకి, ఆయన స్క్రూడ్రైవర్‌తోనే మరలన్నీ ఇష్టమొచ్చినట్టు తిప్పి, మళ్లీ మైనం కరిగించి చుక్కలు వేశాను.

ఇక స్టేషన్ రాలేదు. వాల్వులు తీసి చూశారు, ఏరియల్ మార్చారు, టంకాలు మళ్లీ వేశారు. మైనం ఉన్నది ఉన్నట్టే ఉంది కాబట్టి మరలను అనుమానించలేదు. ఎప్పుడు అనుమానిస్తారోనని నేను భయపడుతూనే ఉన్నాను. అప్పుడు పిలిచారు.

"బిడ్డా, జర ఇటు రా. ఏమన్న ఇనొస్తున్నదా?"

"ఇనొస్తుంది మామా. ఎవరో ఆడామె వార్తలు చదువుతున్నది. బరోబర్ వస్తుంది."

ఆయన పెట్టెకు చెవి ఆనించారు. "నాకు ఉత్త గరగరనే గదా?"

"కాదు మామా, మాటలే."

ఆయన నవ్వారు. "అట్లయితె సెట్టు మంచిగనే ఉన్నది. నా చెవులనే సాంచెలు తిన్నయి."

ప్లగ్గు తీసేశారు, మళ్లీ పెట్టలేదు.

ఆయన తోటివాళ్లు చాలామందికి సాంచెల మోతతో చెవుడు వచ్చింది. అది తెలిసే, ఆయన సులభంగా నమ్ముతారనే ఆ అబద్ధం ఆడానా? ఆ క్షణాన అంత ఆలోచించలేదని నాకు నేను చెప్పుకుంటాను. నిజం కాదేమో.

చెవుల డాక్టరు దగ్గరికి పోదామని నా భర్త బతిమాలాడు. కోడలికి వినబడింది తనకు వినబడలేదు, ఇంకేం పరీక్ష అన్నారు మామ. ఎవరు మాట్లాడినా తలూపి ఊరుకుంటారు. పాపను ఆయన దగ్గర వదిలితే ఒప్పుకోరు, ఏడ్చినా తెలియదంటారు. కానీ అది "తాతా" అంటే ఠక్కున తిరుగుతారు. తిరిగి, నిజంగా పిలిచిందా అన్నట్టు నా ముఖం చూస్తారు. ఇంకా నన్నే నమ్ముతున్నారు.

ఆయనకు చెప్పే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. చెప్పినా పోయిన రెండేళ్లు తిరిగి రావు. చెప్పాల్సింది ఒక్క మాటే, దాన్ని మొదటిసారి ఇక్కడ రాస్తే కాస్త ఊపిరి ఆడుతోంది. మామా, ఆ రోజు నాకూ గరగర తప్ప ఏమీ వినబడలేదు.