మామకు రాలని కన్నీరు

నేను రూపనగుడికి కాపురానికొచ్చిన కొత్త. టెంటు సినిమా పడితే మా అత్తతో మొదటాటకు వెళ్ళాను. మామ పోయి ఏడాదయింది. ఆ రోజు అత్త కంట చుక్క రాలలేదని ఊరంతా ఇంకా చెప్పుకునేది.

సినిమాలో ఇంటిపెద్ద కొడుకులందరికీ బుద్ధులు చెప్పి చెప్పి కన్నుమూశాడు. ఆడవాళ్ళ వైపంతా గొల్లుమంది. అంతలో రీలు తెగి లైట్లు వెలిగాయి. అందరూ కళ్ళు తుడుచుకుని, "పిక్చర్ శానా బాగుండాది" అనుకుంటుంటే మా అత్త ఒక్కతే గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది! సిగ్గుతో నా తల వాలిపోయింది.

"మొగుడు పోతే ఏడవనిదానివి, బొమ్మలకు ఏడుస్తాండావేందమ్మా?" అంది పక్కింటి గంగమ్మ.

"ఆ పొద్దు అందురూ నా మొగమే చూస్తాంటిరి. ఈడ తెర చూస్తాండారని ఏడ్చుకుంటి," అంది అత్త.

ఇంటికి రాగానే, చావింటికి వెళ్ళొచ్చినట్టు, గడప బయటే నాతో తలమీద నీళ్ళు పోయించుకుంది. సినిమా బాగుందా అత్తా అనడిగాను.

"ఏం బాగుండాది లే! సచ్చే మనిషి అంతసేపు మాట్లాడతాడా? మీ మామ గుక్కెడు నీళ్ళు గూడా అడగలే."

ఊరంతా మెచ్చిన ఆ సినిమాను బాగాలేదన్నది ఆమె ఒక్కతే. మర్నాడు మొదటాటకు అందరికన్నా ముందు బయల్దేరిందీ ఆమే.