బాగుచేసే మనిషి లేని సోలార్ మోటారు

పాకాల దగ్గర మా బావికి కరెంటు ఆఫీసు వాళ్లు ప్రయోగం కింద సోలార్ మోటారు బిగించారు. ఏడాది పాటు ఎండతోనే నీళ్లు పారాయి. కరెంటు ఎప్పుడొస్తుందా అని కాచుకునే బాధ తప్పింది. తర్వాత సోలార్ పలకల కింద ఉన్న, మోటారును నడిపే పెట్టె కాలిపోయింది. నాయనా నేనూ ఆఫీసు చుట్టూ తిరిగాం.

"బిగించేదానికే ఆర్డరు ఉండాది పెద్దాయనా, రిపేరుకు మనిషి లేడు," అన్నాడు ఇంజినీరు.

నాయనకు ఒళ్లు మండింది. "ఫొటోలు తీసుకునేదానికి పదిమంది వచ్చినారే! బాగుచేసేదానికి ఒక్కడికన్నా పని నేర్పియ్యలేదా సారూ?" అని బల్ల గుద్దాడు.

పెట్టె బాగుచేయడానికి ఎవరూ రాలేదు. పొలంలో వేరుశనగ ఎండిపోయింది. మేం పాత కరెంటు మోటారే మళ్లీ బిగించుకున్నాం. సోలార్ పనికిరాదని ఊరంతా తేల్చేసింది. ఒక్క మెకానిక్కును పెట్టుంటే ఆ మాట పుట్టేదే కాదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.